ఉరి వద్దంటే మరేటి కావాల? - హతుల కుటుంబాల ప్రశ్న

2025 మార్చి 10న మిర్యాలగూడ ప్రణయ్ హత్య కేసులో నల్గొండ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. కత్తి పట్టిన కిరాయి హంతకుడికి ఉరి, మిగతా ఆరుగురికి యావజ్జీవం. ఆ రోజు మేము నర్సీపట్నంలో మా వాడలోనే వున్నాం. టీవీలో ఆ వార్త తిప్పి తిప్పి చూపిస్తున్నారు. పక్కింటి మామ్మ అరుగు మీద కూచుని అంతా విన్నది. ఆమె తమ్ముణ్ణి చాలా ఏళ్ళ కిందట గట్టు తగాదాలో చంపేశారు. సాక్షులు నిలబడలేదు, కేసు కొట్టేశారు. చంపినవాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఆ దారినే బండి మీద పోతుంటారు. వార్త అయిపోయాక ఆమె అన్న మాట ఒకటే: "ఆళ్ళకి ఉరేసారంట. మావోడికి మటుకు ఏటీ లేదు."

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మాది. చదువుకున్న పాఠం ఊరుకోనివ్వదు గనక ఉరిశిక్ష ఎందుకు కూడదో ఆమెకు చెప్పబోయాం. రాజ్యం చేసే హత్య అన్నాం, పేదోడి మెడకే పడుతుందన్నాం. ఆమె సాంతం విని, "సరే నాయినా, ఉరొద్దంటావు. మరేటి కావాలంటావు? అదీ సెప్పు" అంది. ఆ పూట మా దగ్గర జవాబు లేదు. "వద్దు" అనడం దాకానే మా చదువు నేర్పింది. ఈ వ్యాసం ఆమె ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

ఉరి అడగడంలో వున్నదేమిటి?

హతుడి కుటుంబం ఉరి కావాలని అడిగితే దాన్ని పగ అనీ, అనాగరికం అనీ కొట్టిపారేసే అలవాటు చదువుకున్న వాళ్ళలో వుంది. దళిత కుటుంబాల విషయంలో ఇది పొరపాటు. తరతరాలుగా దళితుడి ప్రాణానికి ఊళ్ళో కట్టిన వెల ఎంత? పెద్దల పంచాయితీలో కొంత డబ్బు, ఒక గొర్రె, మహా అయితే ఒక దణ్ణం. ఆ వెలను ఒప్పుకోబోమని చెప్పడానికి మన వాళ్ళకి దొరికిన ఒకే ఒక మాట ఉరి. చట్టంలో అన్నిటికన్నా పెద్ద శిక్ష ఏదో అది మా వాడి ప్రాణానికీ వర్తించాలి అని అడగడం అది. అంటే అడుగుతున్నది చావు కాదు, సమానత్వం.

మహారాష్ట్రలోని ఖైర్లాంజీలో 2006 సెప్టెంబరు 29న భార్యనూ, కూతుర్నీ, ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్న భయ్యాలాల్ భోత్మాంగే 2017 జనవరిలో చనిపోయేదాకా ఉరి కావాలనే అడిగారు. ఆయన్ని తప్పుపట్టే అర్హత మనలో ఎవరికీ లేదు. అయితే ఆయన అడిగిన దానికి కోర్టులు ఇచ్చిందేమిటో చూడాలి. 2008లో భండారా కోర్టు ఆరుగురికి ఉరి, ఇద్దరికి యావజ్జీవం వేసింది. 2010లో హైకోర్టు నాగపూర్ బెంచి ఆ ఉరిని రద్దు చేసి 25 ఏళ్ళ జైలుగా మార్చింది. ఉరి వేసిన కోర్టూ, తీసేసిన కోర్టూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యాయి. ఇది కులం వల్ల జరిగిన హత్య కాదు, అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదు అన్నాయి. ఉరి వేస్తూ కూడా కులం పేరు ఎత్తకుండా వుండొచ్చని మాకు ఖైర్లాంజీ నేర్పింది. నేరానికి అసలు పేరు పెట్టకుండా శిక్ష ఎంత పెద్దది వేస్తే మాత్రం ఏం లాభం?

గుంటూరు జిల్లా చెప్పిన పాఠం

ఉరి ఎవరి మెడకు పడుతుందో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. గుంటూరు జిల్లాలోనే రెండేళ్ళ తేడాలో జరిగిన రెండు ఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. చంపింది ఒకడూ ఇద్దరూ కాదు, పెత్తందారీ కులం గుంపు కట్టి వెంటాడి చంపింది. శవాల్ని గోనె సంచుల్లో కట్టి కాలవల్లో పడేశారు. రెండోది 1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సు దహనం. దోపిడీ కోసమని చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు దళిత యువకులు బస్సులో పెట్రోలు పోశారు. మంట అంటుకుని 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఇది ఘోరం. ఆ 23 మంది కుటుంబాల కడుపుకోతను తక్కువ చేసి మాట్లాడటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కాలం లెక్క చూడండి. చిలకలూరిపేట కేసులో రెండున్నరేళ్ళకే, 1995లోనే, సెషన్స్ కోర్టు ఉరి వేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చిలో ఉరి తీసే తేదీ కూడా పడింది. పౌరహక్కుల సంఘాలు, రచయితలు గొడవ చేస్తే ఆఖరి ఘడియలో ఆగింది. 1998లో కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా వున్న కాలంలో అది యావజ్జీవంగా మారింది. చుండూరు కేసులో కింది కోర్టు తీర్పు రావడానికే 16 ఏళ్ళు పట్టింది. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. ఎవరికీ ఉరి లేదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలు కూడా కొట్టేసి అందర్నీ వదిలేసింది. బాధితులు సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

దీన్నిబట్టి చుండూరు హంతకులకు ఉరి వేయాల్సింది అని మేము అనడం లేదు. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, రాజ్యానికి ఇద్దరు దళిత కుర్రాళ్ళ మెడలు అంత స్పష్టంగా ఎలా కనపడ్డాయి, గుంపు కట్టి వచ్చిన కులం చేతులు ఎందుకు కనపడలేదు అని అడుగుతున్నాం.

బీహారు కూడా ఇదే చెబుతుంది. 1992లో బారా గ్రామంలో భూమిహార్లను చంపిన కేసులో నలుగురికి ఉరి వేశారు. వారిలో మోచీ, పాశ్వాన్ వంటి దళిత కులాల వాళ్ళున్నారు. 2002లో సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు విభేదించినా ఆ ఉరి నిలిచింది. 2017లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చేదాకా వాళ్ళు ఉరి నీడలోనే బతికారు. 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది దళిత, పేద కులాల వాళ్ళని రణవీర్ సేన చంపింది. 2010లో కింది కోర్టు 16 మందికి ఉరి వేసింది. 2013లో పాట్నా హైకోర్టు శిక్ష పడ్డ అందర్నీ వదిలేసింది.

దళితుడు హంతకుడైతే ఉరి పైకోర్టు దాకా నిలబడుతుంది. దళితుడు హతుడై కులం హంతకి అయితే నిలబడదు. 2016లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం దేశంలోని ఉరిశిక్ష ఖైదీల మీద చేసిన అధ్యయనం వెలువడింది. ఆ ఖైదీల్లో 76 శాతం వెనకబడిన తరగతులు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, మైనారిటీ మతాల వాళ్ళే. నూటికి సుమారు 74 మంది ఆర్థికంగా చితికిన వాళ్ళు.

1983లో మచ్చీసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరి వేయదగ్గ నేరాలు ఏవో వివరించింది. సొంత తగాదా వల్ల కాకుండా, సమాజం ఆగ్రహించే పరిస్థితుల్లో షెడ్యూల్డు కులం మనిషిని చంపడం ఆ జాబితాలో వుంది. కాగితం మీద అప్పట్నుంచీ వుందన్నమాట. కానీ ఆ "సమాజం" ఎవరు? చుండూరులో ఆగ్రహించింది వాడ. ఊరు కాదు. కోర్టు లెక్కలో సమాజం అంటే ఊరే అయినంత కాలం ఆ వాక్యం మనకి అక్కరకు రాదు.

దళితులు హతులైన కేసుల్లో ఉరి

అయితే ఈమధ్య దళితులు హతులైన కేసుల్లోనూ ఉరి పడుతోంది కదా అని మిత్రులు అడగొచ్చు. నిజమే. ఆసిఫాబాద్ జిల్లాలో 2019 నవంబరు 24న అత్యాచారానికీ, హత్యకూ గురైన దళిత మహిళ కేసులో (సమత అని పేరు పెట్టారు) 2020 జనవరి 30న ముగ్గురికి ఉరి పడింది. 2021 ఆగస్టు 15న గుంటూరులో నడిరోడ్డు మీద చంపబడ్డ దళిత విద్యార్థిని కేసులో ఎనిమిదిన్నర నెలలకే, 2022 ఏప్రిల్ 29న, ఉరి పడింది. ఆ తర్వాతది ప్రణయ్ కేసు.

ఈ మూడు కేసుల్లో ఉరి పడ్డది ఎవరికో గమనించాలి. సమత కేసులో ముగ్గురూ ముస్లిములు. గుంటూరు కేసులో ఒంటరి యువకుడు. ప్రణయ్ కేసులో డబ్బు తీసుకుని వేరే రాష్ట్రం నించి వచ్చిన మనిషి. ప్రణయ్‌ని చంపించిన మొదటి ముద్దాయి, డబ్బున్న మామ, విచారణ ముగియకముందే 2020 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ నేరాలు చిన్నవని మేము అనడం లేదు. వెనకాల ఊరూ, కులం, పార్టీ నిలబడని ముద్దాయికి ఉరి వేయడం రాజ్యానికి తేలిక అంటున్నాం. ఊరికి ఊరే ముద్దాయి అయినప్పుడు రాజ్యం చెయ్యి వణుకుతుంది.

ఇంకొక సంగతి. సమత ఘటన జరిగిన మూడు రోజులకే హైదరాబాదు దగ్గర దిశ ఘటన జరిగింది. డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. రాష్ట్రమంతా మిఠాయిలు పంచుకుంది. సమత కేసులోనూ అలాగే చెయ్యాలన్న డిమాండు వచ్చింది. 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, ఆ నలుగురినీ చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. మా నర్సీపట్నం చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా అల్లూరి సీతారామరాజు విగ్రహం కనబడుతుంది. 1924లో కొయ్యూరు దగ్గర పట్టుకుని విచారణ లేకుండా కాల్చేసిన మనిషి ఆయన. ఆ విగ్రహానికి దండ వేసే చేత్తో ఎన్‌కౌంటరుకు మిఠాయి పంచడం ఎలా కుదురుతుందో మనల్ని మనం అడగాలి. కోర్టు లేని చావుకు అలవాటు పడ్డ రాజ్యం రేపు ముందుగా వచ్చేది వాడలకీ, గూడేలకే.

కోర్టు బయట వేసే శిక్ష సంగతి కారంచేడు కూడా చెప్పింది. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు. ప్రధాన నిందితుణ్ణి 1989లో నక్సలైట్లు చంపేశారు. అప్పట్లో వాడల్లో చాలామందికి కడుపు చల్లబడింది, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ కేసు అక్కడ ముగియలేదు. హైకోర్టు కొట్టేసిన కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళ జైలు వేసేదాకా, అంటే 23 ఏళ్ళు, సాక్షులు బతికి వుండి చెప్పిన మాట మీద అది నిలబడాల్సి వచ్చింది. ఒకడి చావు ఆ సాక్ష్యానికి బదులు కాలేకపోయింది.

ఉరి పడ్డాక ఏం జరుగుతుంది?

టీవీలో "ఉరి" అని చూడగానే కథ అయిపోయిందనుకుంటాం. చట్టంలో కథ అక్కడే మొదలవుతుంది. సెషన్స్ కోర్టు వేసిన ఉరి హైకోర్టు ఖాయం చేస్తేగానీ అమలు కాదు. ఆ తర్వాత సుప్రీంకోర్టు, అక్కడ మళ్ళీ పునర్విచారణ పిటిషను. ఆపైన గవర్నరుకీ, రాష్ట్రపతికీ క్షమాభిక్ష అర్జీ. అది ఏళ్ళ తరబడి నలిగితే, కారణం లేని ఆలస్యం వల్ల ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 1980లో బచ్చన్‌సింగ్ కేసు నించీ ఉరి "అరుదైనవాటిలోకెల్లా అరుదైన" కేసులకే అని సూత్రం. అంచేత ప్రతి మెట్టు దగ్గరా ఇది అంత అరుదైనదా కాదా అనే వాదన మళ్ళీ మొదలవుతుంది.

ఈ మెట్లన్నీ వుండి తీరాలి. తీసిన ప్రాణం తిరిగి ఇవ్వలేం గనక. కానీ ఈ పదీ పదిహేనేళ్ళూ హతుడి తల్లి ఏమవుతుంది? ప్రతి వాయిదాకీ ఆమె కొడుకు శవాన్ని మళ్ళీ బయటికి తీస్తారు. అందరి చూపూ ముద్దాయి మెడ మీదే వుంటుంది. అతను బతుకుతాడా, చస్తాడా? ఆమె ఎలా బతుకుతోంది అన్న ప్రశ్న ఏ బెంచి మీదకీ రాదు. ఉరి కుటుంబానికి ముగింపు ఇస్తుందన్న మాట ఒక భ్రమ. అది ఇచ్చేది వాయిదాలు.

అంబేద్కర్ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో ఉరి కేసుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు వుండాలా వద్దా అని చర్చ జరిగింది. అప్పీలు హక్కు సంగతి కన్నా ఉరిశిక్షనే పూర్తిగా ఎత్తేయడం మేలని ఆయన తన అభిప్రాయం చెప్పారు. అహింసను నీతిగా ఒప్పుకున్న దేశానికి అదే సరైన పని అన్నారు. ఆ మాటని మన ఉద్యమం తగినంతగా పట్టించుకోలేదు.

మన చట్టంలో వున్న ఒక్క ఉరి గురించి కూడా చెప్పుకోవాలి. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో హత్యకు ఉరి లేదు, అది మామూలు శిక్షాస్మృతిలోదే. ఈ చట్టంలో ఉరి వున్నది ఒక్కచోట. తప్పుడు సాక్ష్యం చెప్పి నిర్దోషి అయిన దళితుణ్ణో ఆదివాసినో ఉరికంబం ఎక్కిస్తే, ఆ అబద్ధపు సాక్షికి ఉరి. అంటే చట్టం రాసిన వాళ్ళకి కూడా తెలుసు, ఈ దేశంలో దళితుణ్ణి ఉరి దాకా తీసుకుపోవడానికి ఒక అబద్ధం చాలునని.

మరేటి కావాల?

ఇక మామ్మ ప్రశ్న. ఉరికి ప్రత్యామ్నాయం అంటే చాలామంది "తక్కువ శిక్ష" అనుకుంటారు. కాదు. ప్రత్యామ్నాయం అంటే ఎక్కువ న్యాయం అయి వుండాలి. చట్టంలో ఇప్పటికే వున్నవీ, పోరాడి తెచ్చుకోవాల్సినవీ కొన్ని చెబుతాం.

మొదటిది, యావజ్జీవం అంటే ఏమిటో తేలాలి. "పద్నాలుగేళ్ళకి బయటికొచ్చేస్తాడు" అని జనంలో ఒక మాట వుంది. చట్టం చెప్పేది వేరు. యావజ్జీవం అంటే జీవితాంతం. ఉరి పడదగ్గ నేరాల్లో 14 ఏళ్ళు నిండకుండా ప్రభుత్వం విడుదల చేయడానికి వీల్లేదన్నదే ఆ 14 అంకె. 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో, ఉరికీ మామూలు యావజ్జీవానికీ నడుమ మూడో దారి వుందని సుప్రీంకోర్టు చెప్పింది. విడుదల లేకుండా ఇన్నేళ్ళు అనో, ప్రాణం వున్నంతకాలం అనో వేయవచ్చు. 2015లో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీతో దీన్ని ఖాయం చేసింది. ఉరి వద్దనే వాళ్ళు ఈ సంగతి కుటుంబాలకి చెప్పడం లేదు. ఉరి లేకపోతే వదిలేస్తారన్న భయంతోనే సగం మంది ఉరి అడుగుతారు.

రెండోది, విడుదల వేళ హతుడి కుటుంబం మాట వినాలి. గుజరాత్‌లో 2002లో మూడేళ్ళ కూతురితో సహా కుటుంబాన్ని పోగొట్టుకున్న బిల్కిస్ బానో, 2017లో బొంబాయి హైకోర్టు యావజ్జీవాన్ని ఖాయం చేసినప్పుడు, తనకి ప్రతీకారం వద్దు, న్యాయమే కావాలన్నారు. ఉరి అడగని ఆ తల్లికి రాజ్యం ఏం చేసింది? 2022 ఆగస్టు 15న 11 మందినీ వదిలేసింది. ఆమెను ఒక్క మాటా అడగలేదు. ఆమె మళ్ళీ కోర్టుకెళ్ళి పోరాడితే 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదల చెల్లదని వాళ్ళని తిరిగి జైలుకు పంపింది. ఉరి వద్దని చెప్పే పెద్ద మనసుకు కాపలా లేకపోతే అది మోసపోతుంది.

మన చట్టంలో ఆ కాపలాకి దారి వుంది. 2016 జనవరి 26 నించి అమల్లోకొచ్చిన సవరణ ద్వారా 15ఎ సెక్షను చేరింది. బెయిలు, విడుదల, పెరోలు, నేర నిర్ణయం, శిక్ష - వీటన్నిట్లో బాధితుల మాట వినాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి. ఈ నోటీసు తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయికి బెయిలొచ్చిన సంగతి వాడు ఊళ్ళోకొచ్చి మీసం దువ్వాక కదా మన వాడలకి తెలిసేది! 15ఎ కాగితం ముక్కని ప్రతి హతుడి ఇంటికీ చేర్చడం మనలాంటి చదువుకున్న వాళ్ళ పని.

మూడోది, కోర్టూ, వకీలూ మనకి అందుబాటులో వుండాలి. చుండూరు బాధితులు సాధించిన పెద్ద విజయం శిక్ష కాదు, కోర్టే చుండూరుకి రావడం. హత్య జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించారు. నమ్మకమున్న వకీలుని ప్రభుత్వ ప్రాసిక్యూటరుగా వేయించుకున్నారు. కూలి పోగొట్టుకోకుండా ఆడవాళ్ళు నడిచివెళ్ళి సాక్ష్యం చెప్పారు. 1995 నియమాల ప్రకారం బాధితులు కోరితే కలెక్టరు పేరున్న వకీలుని నియమించవచ్చు. ఇది ఎంతమందికి తెలుసు?

నాలుగోది, బతుకు. 2016 నియమాల ప్రకారం హతుడి కుటుంబానికి 8 లక్షల 25 వేల రూపాయల సహాయం. పోస్టుమార్టం తర్వాత సగం, చార్జిషీటు కోర్టుకి వెళ్ళాక సగం. భార్యకో ఆధారపడ్డ వాళ్ళకో నెలకి 5 వేల పింఛను, దాని మీద కరువు భత్యం. ఇంట్లో ఒకరికి ఉద్యోగం, వ్యవసాయ భూమి, ఇల్లు, పిల్లలకి డిగ్రీ దాకా చదువు ఖర్చు, మూడు నెలలకి బియ్యం, పప్పు. ఇది దయ కాదు, హక్కు. రాజ్యం కాపాడలేకపోయిన ప్రాణానికి రాజ్యం పడ్డ బాకీ. చాలా కేసుల్లో మొదటి చెక్కుతో ఫోటో దిగి వెళ్ళిపోతారు, ఉద్యోగం, భూమి ఫైళ్ళల్లో వుండిపోతాయి. ఉరి కోసం ధర్నా చేసే మనం ఆ భూమి కోసం ఎన్ని ధర్నాలు చేశాం?

సొమ్ము ఒక్కటే ఇచ్చి నేరం తేల్చకపోతే అదీ న్యాయం కాదు. మా నర్సీపట్నం పైన ఏజెన్సీలో వాకపల్లి ఆదివాసీ స్త్రీల కేసు అందుకు సాక్షి. అది హత్య కేసు కాదు గానీ పాఠం ఒకటే. 2007లో పోలీసుల మీద వాళ్ళు పెట్టిన అత్యాచారం కేసులో 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి అందర్నీ వదిలేసింది, స్త్రీలకి మాత్రం పరిహారం ఇమ్మంది. దర్యాప్తు చెడగొట్టిన వాళ్ళకి ఏ శిక్షా లేకుండా పరిహారం మాత్రమే ఇస్తే అది నోరు మూయించే డబ్బు అవుతుంది. దర్యాప్తులో నిర్లక్ష్యం చేసిన అధికారిని శిక్షించే సెక్షను మన చట్టంలో వుంది. దాన్ని వాడటం ఉరికన్నా ఎక్కువమంది హంతకుల్ని భయపెడుతుంది.

ఐదోది, హత్యకి మూలమైన తగాదా తేలాలి. 2012 జూన్ 12న, అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకున్న భూమిలో దళితులు సాగు చేసుకోవడం అక్కడి తగాదా. దాడి చేసింది ప్రభుత్వ జాబితాలో వెనకబడిన తరగతిగా వున్న కులం. మా ఉత్తరాంధ్రలో కులం లెక్క కోస్తా జిల్లాల లెక్కలా వుండదని లక్ష్మీపేట చూపించింది. అక్కడ ఎవర్నో నలుగుర్ని ఉరి తీసినా ఆ భూమి ఎవరిదో తేలకపోతే మిగిలిన దళితులు ఏ చేలో దిగుతారు? కారంచేడు బాధితులు ఊరికి తిరిగి పోమని, చీరాలలోనే ఇళ్ళు కావాలని పట్టుబట్టడం వెనక వున్న తెలివి ఇదే. శిక్ష కోర్టు ఇస్తుంది, భద్రత భూమి ఇస్తుంది.

క్షమ గురించి ఒక మాట

ప్రపంచంలో హతుల కుటుంబాలే ఉరి వద్దని ముందుకొచ్చిన సందర్భాలున్నాయి. అమెరికాలో నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా కింగ్, 1968లో భర్తనీ, 1974లో చర్చిలో అత్తగారినీ తుపాకికి పోగొట్టుకుని కూడా ఉరిశిక్షకి వ్యతిరేకంగానే నిలబడ్డారు. ఉరిని వ్యతిరేకించే హతుల కుటుంబాల సంఘాలు ఆ దేశంలో పుట్టాయి. వాళ్ళు చెప్పింది మనకి పనికొస్తుంది: మా వాళ్ళ పేరు మీద ఇంకొకర్ని చంపొద్దు, ఆ డబ్బూ, శ్రద్ధా మాకు పెట్టండి.

కానీ ఆ మాటని ఇక్కడికి తెచ్చి దళిత కుటుంబాలకి క్షమించమని పాఠం చెబితే మేము ఒప్పుకోం. క్షమించేదీ, క్షమించనిదీ బాధితుల ఇష్టం. వేల ఏళ్ళుగా ఓర్చుకోవడమే ధర్మం అని మనకి నేర్పింది ఎవరు? ఉరి వద్దనడానికి మన కారణం క్షమ కాదు. ఆ తాడు ఎటు తిరుగుతుందో మనకి తెలుసు గనక వద్దంటున్నాం. దాని బదులు మనకి రావాల్సినవి చాలా వున్నాయి గనక వద్దంటున్నాం.

ఈ వ్యాసం రాయబోయే ముందు మళ్ళీ మామ్మ దగ్గరికెళ్ళాం. ఈసారి చెప్పడం మాని అడిగాం. ఏం కావాలి అని. ఆమె వేళ్ళు మడిచి చెప్పింది. "కేసు ఎందుకు కొట్టేసారో ఆ కాయితం మాకు సదివి సెప్పాల. మా మరదలు పింఛను రావాల. ఆ గట్టు ఎవులిదో సర్వే సేసి రాయాల. ఆళ్ళు మా ఈదిలో నుంచి పోతే తల దించుకుని పోవాల." నాలుగు వేళ్ళు మడిచింది. ఉరి మాట ఎత్తలేదు. ఎత్తలేదని గుర్తుచేస్తే, "అది అడిగితే ఇచ్చీలాగుంటే అదీ అడుగుదును" అంది. ఆ మాటని దాచి పెట్టి వ్యాసం ముగిస్తే నిజాయితీ కాదు.

మొదటి కోరిక మాత్రం మా చేతిలో వున్న పని. తీర్పు నకలు కోసం అర్జీ పెట్టాం. వచ్చాక ఆమె అరుగు మీదే కూచుని తెలుగులో చదివి వినిపిస్తాం. మిగతా మూడింటి కోసం ఏం చెయ్యాలో, ఎవర్ని కలుపుకోవాలో పాఠకులు, ముఖ్యంగా కోర్టుల్లో పనిచేసే దళిత వకీళ్ళు, రాయాలని కోరుతున్నాం. ఉరి మంచిదా చెడ్డదా అనే చర్చ మనలో చాలా కాలంగా వుంది. హతుడి ఇంటికి ఏం బాకీ పడ్డాం అనే చర్చ ఇంకా సరిగా మొదలు కాలేదు.